కిట్ లెన్స్ తర్వాత ఏ లెన్స్ కొనాలి? ముందు మీ పాత ఫోటోల్ని అడగండి

కెమెరా కొన్న ఆర్నెల్లకి దాదాపు అందరికీ ఒకే డౌట్ వస్తుంది. బాక్స్‌లో వచ్చిన 18-55 తో పక్షిని తీస్తే చుక్కలా కనిపిస్తుంది. ఇంట్లో బర్త్‌డే పార్టీ తీస్తే అంతా గ్రెయిన్. పువ్వు మీద వాలిన తేనెటీగని తీద్దామంటే పువ్వు మొత్తం వస్తుంది గానీ తేనెటీగ కళ్లు రావు. సరే, ఇంకో లెన్స్ కొనాలి. ఏది?

ఇక్కడే చేతి చమురు వదుల్తుంది. యూట్యూబ్‌లో ఒకాయన 50 ఎంఎం కొనమంటాడు, ఇంకొకాయన వైడ్ యాంగిల్ లేకపోతే ఫోటోగ్రఫీయే కాదంటాడు. ఫ్రెండ్ దగ్గర టెలిఫోటో ఉందని మనమూ అదే తీస్కుంటాం. రెండు వారాలు వాడాక అది బీరువాలోకి వెళ్తుంది. జీతంలోంచో పాకెట్ మనీలోంచో కూడబెట్టిన పది, ఇరవై వేలు అలా బీరువాలో పడుకుంటే బాధే కదా.

ఈ ఆర్టికల్‌లో ఒక మామూలు సెటప్‌ని ఉదాహరణగా తీస్కుందాం: కెనాన్ 1500డీ, 18-55 కిట్ లెన్స్. మన దగ్గర కాలేజీ కుర్రాళ్ల చేతుల్లో ఎక్కువగా కనిపించే కాంబినేషన్ ఇది. నికాన్, సోనీ, మిర్రర్‌లెస్ వాళ్లకి కూడా లెక్క ఇదే, లెన్స్ పేర్లే మారతాయి. వాళ్ల కోసం కింద ఒక సెక్షన్ ఉంది. ఇంకో విషయం, ఇక్కడ మన హాబీ ఒక్కటి కాదు. మనుషులు, పక్షులు, పురుగులు, గుళ్లు, చందమామ అన్నీ తియ్యాలి, బడ్జెట్ మాత్రం తక్కువ.

స్టెప్ 1: ఎక్సిఫ్ డేటా చూడండి

మీరు తీసిన ప్రతి ఫోటోలోనూ ఫోకల్ లెంగ్త్, ఐఎస్ఓ, షట్టర్ స్పీడ్, అపర్చర్ రికార్డ్ అయి ఉంటాయి. అదే ఎక్సిఫ్ డేటా. లెన్స్ విషయంలో ఏ రివ్యూయర్ కన్నా ఇది నిజం చెప్తుంది, ఎందుకంటే ఇది మీ గురించే చెప్తుంది కాబట్టి.

చూడటం చాలా ఈజీ. విండోస్‌లో ఫోల్డర్ ఓపెన్ చేసి డీటెయిల్స్ వ్యూ పెట్టండి. పైన కాలమ్ పేర్ల మీద రైట్ క్లిక్ చేసి ఫోకల్ లెంగ్త్, ఐఎస్ఓ స్పీడ్, ఎక్స్‌పోజర్ టైమ్, డైమెన్షన్స్ యాడ్ చేయండి. ఫోకల్ లెంగ్త్ మీద క్లిక్ చేస్తే అన్నీ వరసగా సర్దుకుంటాయి. లైట్‌రూమ్ క్లాసిక్ వాడేవాళ్లకి లైబ్రరీ ఫిల్టర్‌లోనే ఈ లెక్క దొరుకుతుంది. కమాండ్ లైన్ అంటే భయం లేనివాళ్లు ఎక్సిఫ్‌టూల్ అనే ఫ్రీ ప్రోగ్రామ్‌తో ఫోల్డర్ మొత్తాన్ని స్ప్రెడ్‌షీట్‌లోకి లాగేయొచ్చు. వాట్సాప్‌లో పంపుకున్న ఫోటోలు మాత్రం పనికిరావు, పంపేటప్పుడే ఆ డేటా పోతుంది. కార్డు నుంచి కాపీ చేసిన ఒరిజినల్సే కావాలి.

ఇంకో పని కూడా చేయండి. ఫోల్డర్ మొత్తం కాకుండా మీకు నచ్చినవి, షేర్ చేసినవి, ప్లస్ "అబ్బా, మిస్సయిందే" అనిపించినవి ఓ రెండు వందలు వేరే ఫోల్డర్‌లో పెట్టుకోండి. లెక్క వాటి మీదే చూడాలి. ఇప్పుడు ఏం వెతకాలో చూద్దాం.

55 ఎంఎం దగ్గర కుప్ప పడ్డాయా? అంటే మీరు జూమ్‌ని చివరిదాకా తిప్పి, ఇంకా కావాలనుకుంటున్నారు. డైమెన్షన్స్ కాలమ్ చూడండి. 1500డీ ఫుల్ ఫోటో 6000 × 4000 పిక్సెల్స్. ఎడిట్ చేసిన ఫోటోల్లో ఆ నంబర్ 3000 కి పడిపోతే మీరు గట్టిగా క్రాప్ చేస్తున్నారని అర్థం. మీకు కావాల్సింది టెలిఫోటో.

ఐఎస్ఓ 3200, 6400 ఎక్కువగా ఉందా? వెలుతురు చాలట్లేదు. అయితే ఇంకో ప్రశ్న కూడా వేసుకోండి: ఆ ఫోటోల్లో ఉన్నది కదిలే మనుషులా, కదలని గోపురమా? మనుషులైతే ఎఫ్/1.8 లెన్స్ కావాలి. గోపురమైతే లెన్స్ అక్కర్లేదు, ట్రైపాడ్ చాలు.

18 ఎంఎం దగ్గర కుప్ప ఉందా? ఇక్కడ తొందరపడొద్దు. లెన్స్‌ని బ్యాగులోంచి తీస్తే సాధారణంగా 18 దగ్గరే ఉంటుంది, తిప్పడానికి బద్ధకించి అలాగే నొక్కేస్తాం. ఆ ఫోటోలు ఓపెన్ చేసి చూడండి. నిజంగా వీపు గోడకి ఆనించి తీసినవి ఎన్ని? అవే అసలు లెక్క.

ఏ కుప్పా లేదా? అన్ని నంబర్లూ సమానంగా పరుచుకుని, ఐఎస్ఓ కూడా తక్కువగా ఉంటే మీకు ఇప్పుడే లెన్స్ అవసరం లేదు. ఆ డబ్బు పెట్టుకుని హంపీకో అరకుకో వెళ్లొస్తే ఫోటోలు ఎక్కువ బాగుపడతాయి.

స్టెప్ 2: మౌంట్ చెక్ చేయకుండా రూపాయి కూడా కట్టొద్దు

కెనాన్ డీఎస్ఎల్ఆర్‌కి ఈఎఫ్, ఈఎఫ్-ఎస్ అని రెండు రకాల లెన్సులు. 1500డీ, 200డీ లాంటి ఏపీఎస్-సీ బాడీలకి రెండూ పడతాయి. ఫుల్ ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్‌కి మాత్రం ఈఎఫ్-ఎస్ పట్టదు. కొత్త మిర్రర్‌లెస్ కోసం వచ్చే ఆర్ఎఫ్ లెన్సులు మీ డీఎస్ఎల్ఆర్‌కి అస్సలు పట్టవు. రివర్స్‌లో మాత్రం దారి ఉంది: కెనాన్ ఈఎఫ్-ఈఓఎస్ ఆర్ అడాప్టర్ పెట్టుకుంటే మీ పాత ఈఎఫ్, ఈఎఫ్-ఎస్ లెన్సులు ఆర్50, ఆర్100 లాంటి బాడీల మీద ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి. కాబట్టి "డీఎస్ఎల్ఆర్ పనైపోయింది, ఇప్పుడు లెన్స్ కొంటే వేస్ట్" అనే మాట పూర్తిగా నిజం కాదు. అందరూ మిర్రర్‌లెస్‌కి మారుతుండటం వల్ల మంచి ఈఎఫ్ లెన్సులు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతున్నాయి. బడ్జెట్ వాళ్లకి ఇది మంచి టైమ్.

నికాన్‌లో ఇంకో మెలిక ఉంది. డీ3000, డీ5000 సిరీస్ బాడీల్లో ఫోకస్ మోటార్ ఉండదు. 50 ఎంఎం ఎఫ్/1.8డీ చవగ్గా వస్తోందని కొంటే ఆటోఫోకస్ పనిచేయదు, చేత్తో తిప్పుకోవాల్సిందే. చివర్లో "జీ" ఉన్న ఏఎఫ్-ఎస్ వెర్షన్ తీస్కోవాలి. అలాగే ఏఎఫ్-పీ అని రాసి ఉన్న లెన్సులు డీ3200, డీ5100 లాంటి పాత బాడీల్లో ఫోకస్ చేయవు. పేరులో ఒక్క అక్షరం తేడాకే డబ్బులు పోతాయన్నమాట.

మనుషులు, ఇల్లు, తక్కువ వెలుతురు: 50 ఎంఎం ఎఫ్/1.8

కెనాన్ ఈఎఫ్ 50 ఎంఎం ఎఫ్/1.8 ఎస్‌టీఎం. 2015 లో వచ్చింది, బరువు 160 గ్రాములే. అందరూ దీన్నే ఎందుకు చెప్తారో చిన్న లెక్కలో చూద్దాం. కిట్ లెన్స్‌ని 55 దగ్గర పెడితే అపర్చర్ ఎఫ్/5.6. దీంట్లో ఎఫ్/1.8. 5.6 ని 1.8 తో భాగించి స్క్వేర్ చేస్తే దాదాపు 9.7. అంటే పది రెట్లు ఎక్కువ వెలుతురు లోపలికి వస్తుంది. ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద ఐఎస్ఓ 6400 పెట్టాల్సిన చోట 800 లోపే సరిపోతుంది. ఫోటోలో గ్రెయిన్ పోయి చీర రంగు, చర్మం రంగు నిజంగా కనిపిస్తాయి.

కానీ ఎవరూ గట్టిగా చెప్పని సంగతులు మూడున్నాయి.

మొదటిది, స్థలం. 1500డీ మీద 50 ఎంఎం అంటే 1.6 క్రాప్ ఫ్యాక్టర్‌తో 80 ఎంఎం లాంటి వ్యూ వస్తుంది. కెమెరాని నిలువుగా పట్టుకుని ఒక మనిషిని తల నుంచి కాళ్ల దాకా తియ్యాలంటే మీరు దాదాపు 4 మీటర్లు వెనక్కి వెళ్లాలి. మన ఇళ్లలో 10 × 12 అడుగుల గది పొడవు మూడున్నర మీటర్లు దాటి కాస్తే ఉంటుంది. అంటే గది బయట నిలబడి తియ్యాల్సిందే! డాబా మీద, పార్కులో, పెళ్లి మండపంలో అయితే ఇది బంగారం. గృహప్రవేశంలో, హాస్టల్ రూమ్‌లో ఇబ్బంది పెడుతుంది. మీ ఫోటోలు ఎక్కువగా గదుల్లోనే అయితే కెనాన్ ఈఎఫ్-ఎస్ 24 ఎంఎం ఎఫ్/2.8 ఎస్‌టీఎం చూడండి. దాంతో అదే ఫోటో 2 మీటర్ల లోపు నుంచి వచ్చేస్తుంది. 125 గ్రాముల బరువు, బిస్కెట్‌లా పల్చగా ఉంటుంది.

రెండోది, ఫోకస్ లోతు. రెండు మీటర్ల దూరంలో ఎఫ్/1.8 తో తీస్తే షార్ప్‌గా ఉండే లోతు దాదాపు 11 సెంటీమీటర్లే. ఒక్క ముఖానికి సరిపోతుంది. ఇద్దరు పక్కపక్కనే నిలబడి ఒకరు కాస్త వెనకుంటే ఒకరి కళ్లు బ్లర్. ఇద్దరుంటే ఎఫ్/4 కి వెళ్లండి. కుడి కన్ను, ఎడమ కన్ను అని ఆటోమేటిక్‌గా వదిలేయకుండా ఫోకస్ పాయింట్‌ని మీరే దగ్గర కంటి మీద పెట్టండి.

మూడోది, దీంట్లో స్టెబిలైజేషన్ లేదు. షట్టర్ స్పీడ్ 1/80 కన్నా తగ్గనివ్వొద్దు.

సెకండ్ హ్యాండ్‌లో పాత 50 ఎంఎం ఎఫ్/1.8 టూ కూడా కనిపిస్తుంది. అది ప్లాస్టిక్ మౌంట్, ఫోకస్ చేసేటప్పుడు బాగా చప్పుడు. ధరలో పెద్ద తేడా లేకపోతే ఎస్‌టీఎం వెర్షనే తీస్కోండి.

పక్షులు, చందమామ, దూరం: 55-250

ఈఎఫ్-ఎస్ 55-250 ఎంఎం ఎఫ్/4-5.6 ఐఎస్ ఎస్‌టీఎం. 1500డీని డబుల్ జూమ్ కిట్‌గా కొన్నవాళ్ల దగ్గర దీని పాత వెర్షన్, ఐఎస్ టూ, ఇప్పటికే ఉండొచ్చు. ఉంటే ముందు దాన్ని పూర్తిగా వాడండి, వెంటనే మార్చాల్సిన పని లేదు.

250 ఎంఎం సరిపోతుందా? ఇదీ లెక్కే. పిచ్చుక పొడవు దాదాపు 15 సెంటీమీటర్లు. పది మీటర్ల దూరంలో ఉంటే 250 ఎంఎం తో ఫోటోలో దాదాపు 1000 పిక్సెల్స్ వెడల్పు వస్తుంది. ఇన్‌స్టాగ్రామ్‌కి హాయిగా సరిపోతుంది. అదే పిచ్చుక కిట్ లెన్స్ 55 ఎంఎం తో 220 పిక్సెల్స్. అందుకే మీకు చుక్కలా కనిపించింది. మీటరుంపావు ఉండే పెలికాన్ యాభై మీటర్ల దూరంలో ఉన్నా ఫ్రేమ్‌లో పావు వంతు దాటి వస్తుంది.

అందుకని ప్లేస్ కూడా లెన్స్‌కి తగ్గట్టు ఎంచుకోండి. గుంటూరు పక్కన ఉప్పలపాడులో పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్‌లు ఊరి చెరువులోని చెట్ల మీదే గూళ్లు పెడతాయి. 250 తో మంచి ఫోటోలు వస్తాయి. నేలపట్టు కూడా పెలికాన్లకి పేరున్న చోటే. అదే పులికాట్‌లో ఫ్లెమింగోలైతే నీళ్లలో చాలా దూరంగా నిలబడతాయి. అక్కడ 250 తో గుంపుని, నీళ్లని, ఆకాశాన్ని కలిపి ల్యాండ్‌స్కేప్‌లా తియ్యండి. ఒక్క పక్షి కావాలంటే నిరాశే. ఎక్కడికెళ్లినా గూళ్ల దగ్గరికి మాత్రం వెళ్లొద్దు. తల్లి లేచిపోతే పిల్లలు ఎండకి, కాకులకి దొరుకుతాయి. మనం టెలిఫోటో కొనేదే దూరంగా ఉండి తియ్యడానికి కదా.

సెట్టింగ్స్ సింపుల్. 250 × 1.6 అంటే 400, కాబట్టి చేత్తో పట్టుకుంటే 1/400 సేఫ్. స్టెబిలైజేషన్ ఉంది కాబట్టి తక్కువలో కూడా తియ్యొచ్చు, కానీ అది మీ చెయ్యి వణుకునే ఆపుతుంది, పక్షి కదలికని ఆపదు. ఎగిరే పక్షికి 1/1000 పైన పెట్టండి.

చందమామకి 250 తో దాదాపు 600 పిక్సెల్స్ వెడల్పు వస్తుంది. మచ్చలు, గోతులు స్పష్టంగా తెలుస్తాయి. మాన్యువల్ మోడ్‌లో ఐఎస్ఓ 100, ఎఫ్/8, 1/200 తో మొదలుపెట్టండి. పౌర్ణమి కన్నా సగం చంద్రుడే బెటర్, పక్క నుంచి పడే వెలుతురులో గోతుల నీడలు కనిపిస్తాయి. ఫోన్ల మూన్ షాట్‌లో ఏఐ ఎంత, లెన్స్ ఎంత అనే వాదన ఇక్కడ ఉండదు, వచ్చిందంతా మీదే.

ఒక హెచ్చరిక. ఈఎఫ్ 75-300 ఎంఎం ఎఫ్/4-5.6 త్రీ అని ఒకటి చవగ్గా దొరుకుతుంది. నంబర్ 300 అని టెంప్ట్ అవ్వొద్దు. దాంట్లో స్టెబిలైజేషన్ లేదు, 300 దగ్గర ఫోటో మెత్తగా వస్తుంది. 250 లో తీసి కాస్త క్రాప్ చేసుకోవడమే మేలు.

పురుగులు, పువ్వులు: మాక్రో లెన్స్ కొనకుండానే మాక్రో

అసలైన మాక్రో లెన్స్ ఖరీదు బడ్జెట్ మొత్తాన్ని మింగేస్తుంది. కానీ ఇదే మన జుగాడ్ బాగా పనిచేసే ఏరియా.

మాక్రోలో 1× అంటే వస్తువు ఎంత ఉందో సెన్సర్ మీద కూడా అంతే పడటం. 1500డీ సెన్సర్ వెడల్పు 22.3 మిల్లీమీటర్లు. 2011 సిరీస్ రూపాయి బిళ్ల వెడల్పు కూడా దాదాపు 22. కాబట్టి రూపాయి బిళ్ల ఫ్రేమ్ వెడల్పుని నింపేస్తే మీరు 1× లో ఉన్నట్టే. కిట్ లెన్స్ ఇచ్చేది అందులో మూడో వంతు.

దారి ఒకటి, ఎక్స్‌టెన్షన్ ట్యూబ్. లెన్స్‌కీ బాడీకీ మధ్య పెట్టే ఖాళీ గొట్టం, లోపల గాజు ఉండదు. ట్యూబ్ పొడవుని ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే ఎంత పెరుగుతుందో తెలుస్తుంది. 50 ఎంఎం కి 36 ఎంఎం ట్యూబ్ పెడితే 0.72, లెన్స్ సొంతంగా ఇచ్చే 0.21 తో కలిపి దాదాపు 0.93×. సూపర్ కదా. అయితే పురుగుకీ లెన్స్‌కీ మధ్య కొన్ని సెంటీమీటర్లే మిగుల్తాయి. పువ్వులకి ఓకే, సీతాకోకచిలుక మాత్రం ఎగిరిపోతుంది.

ట్యూబ్ కొనేటప్పుడు ఎలక్ట్రానిక్ కాంటాక్టులు ఉన్నదే తీస్కోండి. వట్టి లోహపు రింగులు బాగా చవక, కానీ కాంటాక్టులు లేకపోతే కెనాన్ లెన్స్ అపర్చర్ మార్చలేరు. ఎస్‌టీఎం లెన్సుల్లో ఇంకో చిక్కు, ఫోకస్ రింగ్ కూడా కరెంటుతోనే పనిచేస్తుంది. పవర్ అందకపోతే మాన్యువల్ ఫోకస్ కూడా తిరగదు. కెమెరాని ముందుకీ వెనక్కీ జరుపుతూ ఎఫ్/1.8 లోనే తియ్యాలి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు.

దారి రెండు, క్లోజప్ లెన్స్. రేనాక్స్ డీసీఆర్-250 అని చిన్న అద్దం వస్తుంది. క్లిప్‌లా నొక్కి లెన్స్ ముందు తగిలించడమే, 52 నుంచి 67 ఎంఎం ఫిల్టర్ సైజుల దాకా పడుతుంది. 55-250 ఫిల్టర్ సైజు 58, కాబట్టి సరిగ్గా పడుతుంది. ఇది 8 డయాప్టర్, అంటే ఫోకల్ లెంగ్త్ 125 ఎంఎం. 250 ని 125 తో భాగించండి: 2×! అంటే రూపాయి బిళ్లలో సగం వెడల్పు ఫ్రేమ్ మొత్తం నిండుతుంది. చీమ ముఖం కనిపిస్తుంది. పురుగుకీ మీకూ మధ్య దాదాపు 12 సెంటీమీటర్ల దూరం కూడా మిగుల్తుంది. జూమ్‌ని వెనక్కి 125 దగ్గరికి తెస్తే 1×. ఇంకా వెనక్కి తెస్తే మూలలు నల్లబడతాయి, అంతే తేడా.

కొత్తవాళ్లకి 2× కష్టంగా ఉంటుంది, ఊపిరి పీల్చినా ఫోకస్ జారిపోతుంది. డీసీఆర్-150 కొంచెం మెత్తనిది, 4.8 డయాప్టర్, 250 దగ్గర 1.2× ఇస్తుంది. ముందు పువ్వులు, సీతాకోకచిలుకలు అనుకుంటే 150. సాలీళ్లు, చీమలు అనుకుంటే 250.

ఏ దారిలో వెళ్లినా ఎఫ్/8 నుంచి ఎఫ్/11 పెట్టండి. వెలుతురు తగ్గిపోతుంది కాబట్టి ఒక ఫ్లాష్, దాని ముందు తెల్ల కాగితంతో డిఫ్యూజర్ ఉంటే రిజల్టే వేరు. ఉదయం ఏడు లోపు వెళ్లండి. గాలి తక్కువ, పురుగులు కూడా చలికి బద్ధకంగా ఉంటాయి.

వైడ్ యాంగిల్: అది మీ జేబులోనే ఉంది

ఇక్కడ నా అభిప్రాయం చాలామందికి నచ్చకపోవచ్చు. బడ్జెట్ తక్కువైతే వైడ్ లెన్స్‌ని లిస్టులో చివరికి పంపండి. కెనాన్ ఈఎఫ్-ఎస్ 10-18 ఎంఎం ఎఫ్/4.5-5.6 ఐఎస్ ఎస్‌టీఎం మంచి లెన్సే, 240 గ్రాములే. 10 ఎంఎం అంటే ఫుల్ ఫ్రేమ్‌లో 16 ఎంఎం వ్యూ. కానీ దాదాపు అలాంటి వ్యూనే మీ ఫోన్ అల్ట్రావైడ్ కెమెరా ఇస్తుంది. పగటి పూట గోల్కొండ కోటనో, వేయిస్తంభాల గుడి మండపాన్నో తీసి ఫోన్లోనే చూస్కునేవాళ్లకి అది చాలు. ఫోన్ అస్సలు చేయలేని పనులకి, అంటే 250 ఎంఎం దూరానికి, 2× దగ్గరికి, ముందు డబ్బు పెట్టడం తెలివైన పని.

పాలపుంత తియ్యడానికి 10-18 కావాలని కూడా అంటుంటారు. దాని అపర్చర్ ఎఫ్/4.5. మీ కిట్ లెన్స్ 18 దగ్గర ఎఫ్/3.5, అంటే అదే ఎక్కువ వెలుతురు తీస్కుంటుంది. ట్రైపాడ్ మీద పెట్టి 15 సెకన్ల లోపు ఎక్స్‌పోజర్ ఇవ్వండి, అంతకు మించితే నక్షత్రాలు గీతలవుతాయి. ఊరి లైట్లకి దూరంగా వెళ్లడమే అసలు అప్‌గ్రేడ్.

లెన్స్ ముందు బిగించే 0.45× వైడ్ కన్వర్టర్లు, ఫోన్‌కి పెట్టే క్లిప్ లెన్సులు మాత్రం వద్దు. మధ్యలో ఫర్వాలేదు గానీ అంచులన్నీ కరిగిపోతాయి.

నికాన్, సోనీ, మిర్రర్‌లెస్ వాళ్లకి

నికాన్ డీఎస్ఎల్ఆర్: ఫస్ట్ లెన్స్‌గా ఏఎఫ్-ఎస్ డీఎక్స్ 35 ఎంఎం ఎఫ్/1.8జీ. 2009 నుంచి ఉంది, 200 గ్రాములు. నిలువెత్తు మనిషికి 2.7 మీటర్లు చాలు, కాబట్టి మన గదులకి 50 కన్నా బాగా కుదురుతుంది.

కెనాన్ ఆర్50, ఆర్100: ఆర్ఎఫ్ 50 ఎంఎం ఎఫ్/1.8 ఎస్‌టీఎం, దూరానికి ఆర్ఎఫ్-ఎస్ 55-210. 2024 నుంచి సిగ్మా కూడా ఈ మౌంట్‌కి ఏపీఎస్-సీ లెన్సులు తెస్తోంది. లేదా అడాప్టర్‌తో పైన చెప్పిన పాత లెన్సులే.

సోనీ ఈ మౌంట్: మూడో పార్టీ లెన్సుల స్వర్గం. సిగ్మా 30 ఎంఎం ఎఫ్/1.4, దూరానికి సోనీ 55-210. టీటీఆర్టిసన్, సెవెన్ఆర్టిసన్స్ మాన్యువల్ లెన్సులు చాలా చవక. మిర్రర్‌లెస్‌లో ఫోకస్ పీకింగ్ ఉంటుంది కాబట్టి వాడటం తేలిక. 1500డీ లాంటి డీఎస్ఎల్ఆర్ వ్యూఫైండర్‌లో మాన్యువల్ ఫోకస్ మాత్రం కంటికి పరీక్షే.

సెకండ్ హ్యాండ్ కొంటున్నారా? ఈ ఆరూ చెక్ చేయండి

ముందే అడ్వాన్స్ పంపొద్దు. మీ బాడీ, కార్డు పట్టుకుని వెళ్లి చేత్తో చూసి కొనండి.

1. ఫోన్ టార్చ్ వేసి లెన్స్ వెనక నుంచి లోపలికి చూడండి. ఒకటి రెండు దుమ్ము రేణువులు మామూలే. సాలెగూడులా, చెట్టు వేళ్లలా కనిపిస్తే అది ఫంగస్. ధర ఎంత తగ్గించినా వదిలేయండి.
2. దగ్గర, దూరం, మళ్లీ దగ్గర: ఆటోఫోకస్ పదిసార్లు చేయించండి. వ్యూఫైండర్‌లోనూ, లైవ్ వ్యూలోనూ.
3. కాంటాక్టుల మీద గీతలు, నలుపు చూడండి. వాడుతుంటే స్క్రీన్ మీద ఎర్ 01 వస్తే లెన్స్, బాడీ సరిగ్గా మాట్లాడుకోవట్లేదని అర్థం.
4. ఒకే గోడని అపర్చర్ మోడ్‌లో ఫుల్ ఓపెన్, ఎఫ్/8, ఎఫ్/16 లో తియ్యండి. మూడూ ఒకే బ్రైట్‌నెస్‌లో రావాలి. తేడా ఉంటే బ్లేడ్లు అతుక్కుంటున్నాయి.
5. న్యూస్‌పేపర్‌ని గోడకి అంటించి నేరుగా తియ్యండి. నాలుగు మూలల్లో అక్షరాలు ఒకేలా ఉండాలి. ఒక మూల మాత్రమే బ్లర్ అయితే ఆ లెన్స్ ఎప్పుడో కింద పడింది.
6. స్టెబిలైజేషన్ ఆన్ చేసి షట్టర్ సగం నొక్కండి. వ్యూఫైండర్‌లో బొమ్మ నిలకడ అవ్వాలి.

ఇంటికి తెచ్చాక జాగ్రత్త కూడా అంతే ముఖ్యం. విశాఖ, కాకినాడ లాంటి తీరం ఊళ్లలో వానాకాలం తేమకి ఫంగస్ తేలిగ్గా పడుతుంది. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, చిన్న హైగ్రోమీటర్. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే చాలు. కెమెరా బ్యాగులో నెలల తరబడి మూసి పెట్టడం కన్నా ఈ డబ్బా వంద రెట్లు నయం.

బడ్జెట్‌ని బట్టి ప్లాన్

ధరలు సేల్‌కో రకంగా ఊగుతాయి కాబట్టి రౌండ్ ఫిగర్లే చెప్తున్నా. కొనే రోజు మళ్లీ చెక్ చేసుకోండి.

పది వేలు: ఒక్కటే కొనండి. ఎక్సిఫ్‌లో ఐఎస్ఓ కుప్ప ఉంటే 50 ఎంఎం, 55 ఎంఎం కుప్ప ఉంటే సెకండ్ హ్యాండ్ 55-250. కొత్త 50 ఈ బడ్జెట్ దాటితే అది కూడా సెకండ్ హ్యాండ్‌లో చూడండి.

ఇరవై వేలు: సెకండ్ హ్యాండ్ 55-250 ఎస్‌టీఎం, దానికి ఒక రేనాక్స్. ఈ రెండిటితో పక్షులు, చందమామ, పురుగులు, పువ్వులు, డాబా మీద పోర్ట్రెయిట్లు అన్నీ కవర్. అన్ని రకాలూ తీసే హాబీ వాళ్లకి డబ్బుకి తగ్గ విలువ ఇచ్చే జంట ఇదేనని నా ఓటు. మనుషులే ఎక్కువైతే రేనాక్స్ బదులు 50 ఎంఎం.

ముప్పై వేలు: 55-250, 50 ఎంఎం, రేనాక్స్ మూడూ. మిగిలితే గట్టి ట్రైపాడ్ లేదా ఒక మాన్యువల్ ఫ్లాష్. నాలుగో లెన్స్ వైపు చూడొద్దు.

హుడ్ బాక్స్‌లో రాదు, వేరే కొనాలి. 50 కి ఈఎస్-68, 55-250 ఎస్‌టీఎం కి ఈటీ-63. లెన్స్ కింద పడితే ముందు దెబ్బ హుడ్డే తింటుంది, ఆ మాత్రం ఖర్చు పెట్టండి.

ఇంకా డౌట్‌గా ఉంటే ఒక వీకెండ్‌కి అద్దెకి తీస్కోండి. పెద్ద ఊళ్లలో ఐడీ, డిపాజిట్ పెడితే లెన్సులు రోజు అద్దెకి ఇస్తారు. రెండు రోజుల్లో ఐదు వందల ఫోటోలు తీసి, మళ్లీ అదే ఎక్సిఫ్ లెక్క చూడండి. ఆ లెన్స్‌తో తీసిన వాటిలో మీరు దాచుకోవాలనిపించినవి ఎన్ని? ఐదు కూడా లేకపోతే పది వేలు మిగిలినట్టే. యాభై ఉంటే ఇక ఆలోచించకండి, కొనేయండి.